26 శాతం ప్రోటీన్ పాలపొడికి మారినా దూడల్లో ఎదుగుదల లేదు, ఎందుకు?

పలమనేరు_పాడి
మాకు పలమనేరు దగ్గర 14 హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులున్నాయి. పాలు కేంద్రానికి పోస్తాం కాబట్టి దూడలకు అయిదో రోజు నుంచి మిల్క్ రీప్లేసర్ (పాలకు బదులు నీళ్లలో కలిపి పట్టే పొడి) పడుతున్నాం. రెండేళ్లుగా వాడింది ప్రోటీన్ 20, ఫ్యాట్ 20 అని రాసి ఉండే బస్తా, కిలో 230 రూపాయలు పడేది. 26 శాతం ప్రోటీన్ పొడి వచ్చింది, దూడ రెట్టింపు ఎదుగుతుంది అని చెబితే కిలోకి 65 రూపాయలు ఎక్కువ పెట్టి మార్చాను. అయిదు వారాలైంది. ఈ పొడి మీదున్న నాలుగు పెయ్యలకీ, పోయిన ఏడాది ఇదే వయసులో ఉన్న వాటికీ ఛాతీ చుట్టుకొలతలో అర అంగుళం తేడా కూడా లేదు. తేదీలు వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఊహించి చెప్పడం లేదు. పైగా ఒకదానికి మూడో వారంలో పారుడు పట్టుకుని నాలుగు రోజులు లేవలేకపోయింది. ప్రోటీన్ ఎక్కువైతే పారుతుందా? పాత పొడికే పోవాలా? పక్కింట్లో తల్లి దగ్గర తాగే దూడ నిగనిగలాడుతూ గెంతుతుంటే మా వాటిని చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

మండపేట_ముర్రా
పొడి అవతల పడేసి పాలు పట్టు తమ్ముడూ. దూడ కోసం దేవుడిచ్చిన పాలు కేంద్రానికి పోసి, దూడకి బస్తా తెచ్చి పెడితే ఎక్కడ ఎదుగుతుంది.

సిద్దిపేట_కొత్తడెయిరీ
మా దగ్గర కూడా ఇదే సంగతి. 22 నుంచి 26కి మార్చినం, ఏం ఫరక్ కనపడలేదు. సమాధానం వస్తే నాకూ కావాలి, ఫాలో అవుతున్న.

పశువైద్యం_కడప
జవాబు చెప్పే ముందు కొన్ని వివరాలు కావాలి. రోజుకు ఎన్ని లీటర్లు, లీటరుకు ఎన్ని గ్రాముల పొడి? తూకం వేసి కలుపుతున్నారా, కప్పుతోనా? నీళ్లు ఎంత వేడి? దాణా ఎప్పటినుంచి పెడుతున్నారు, తాగే నీళ్లు విడిగా ఉంటాయా? బస్తా మీద దేనితో తయారుచేశారో రాసింది కూడా చూసి ఇక్కడ పెట్టండి, ముఖ్యంగా ఫైబర్ (పీచు) ఎంత శాతమో.

పలమనేరు_పాడి
పొద్దున 2 లీటర్లు, సాయంత్రం 2 లీటర్లు డాక్టర్ గారూ. లీటరుకు ఒక కప్పు, బస్తాతో పాటు ఇచ్చిన కప్పే, 100 గ్రాములు అన్నారు. నీళ్లు గోరువెచ్చగా. దాణా మూడో వారం నుంచి గుప్పెడు గుప్పెడు నోట్లో పెడుతున్నాం. నీళ్లు విడిగా పెట్టం, పాలల్లో నీళ్లున్నాయి కదా అని. బస్తా మీద ఏముందో సాయంత్రం కొట్టానికి వెళ్లినప్పుడు చూసి చెబుతాను.

పశువైద్యం_కడప
అనుకున్నదే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

4 లీటర్లకు 400 గ్రాముల పొడి. 20 శాతం బస్తా అయితే దూడ కడుపులోకి రోజుకు వెళ్లే ప్రోటీన్ 80 గ్రాములు. 26 శాతం అయితే 104 గ్రాములు. ఇప్పుడు మీ ఆవు పాలే 4 లీటర్లు పట్టారనుకోండి, అందులో ప్రోటీన్ 125 నుంచి 130 గ్రాములు ఉంటుంది, వెన్న 140 గ్రాములు దాటుతుంది. మీ పొడి నీళ్లలో కొవ్వు 80 గ్రాములే. ఆవు పాలలో నీళ్లు తీసేసి చూస్తే ప్రోటీన్ పాతిక శాతం పైనే ఉంటుంది. అంటే 26 శాతం పొడి ఏదో అదనపు బలం కాదు, మామూలు పాల స్థాయికి వచ్చింది, అంతే. దాన్ని కూడా పలచగా కలిపి ఇస్తున్నారు.

ఇక ఎదుగుదల. 35 కిలోల దూడ ఏమీ ఎదగకుండా ఊరికే బతికి ఉండడానికి, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి, లేచి నిలబడడానికి కూడా శక్తి కావాలి. మీరిచ్చే 400 గ్రాముల్లో దాదాపు 300 గ్రాములు దానికే పోతుంది. మిగిలిన 100 గ్రాముల్లో ఉన్న శక్తితో రోజుకు 150 గ్రాములు, మహా అయితే 200 గ్రాముల బరువు పెరుగుతుంది. ప్రోటీన్ వైపు నుంచి చూస్తే బతకడానికి ఓ 30 గ్రాములు, ఆపైన పెరిగే ప్రతి 100 గ్రాముల బరువుకు 28 గ్రాముల దాకా కావాలి. ఇది సుమారు లెక్క. 80 గ్రాముల ప్రోటీన్‌తో 180 గ్రాముల ఎదుగుదల వస్తుంది. 104 గ్రాములతో 260 దాకా రావచ్చు, కానీ శక్తి 200 దగ్గరే ఆగిపోయింది కదా. మిగిలిన ప్రోటీన్‌ను దూడ కండగా మార్చుకోలేదు, కరిగించి మూత్రంలో యూరియాగా వదిలేస్తుంది. మీ 65 రూపాయలు ఆ దారిన పోతున్నాయి.

ఇదే పొడిని రోజుకు 800 గ్రాములు ఇచ్చి చూడండి. అప్పుడు శక్తి అర కిలోకి పైగా ఎదుగుదలకు సరిపోతుంది. 20 శాతం బస్తా అయితే ప్రోటీన్ 160 గ్రాములే, ఎదుగుదల 450 దగ్గర ఆగి, మిగిలిన శక్తి కొవ్వుగా చేరుతుంది. 26 శాతం అయితే 208 గ్రాములు, శక్తికి తగ్గ కండా ఎముకా కడుతుంది. ఎక్కువ ప్రోటీన్ పొడికి విలువ అక్కడ ఉంది. తక్కువ పట్టేవాళ్లకు 20 కొన్నా 26 కొన్నా తేడా తెలియదు.

సిద్దిపేట_కొత్తడెయిరీ
సార్ ఇది ఇంత వివరంగా ఎవ్వరూ చెప్పలేదు. నేను 450 గ్రాములు ఇస్తున్న. అందుకే ఫరక్ రాలే.

దాణా_షాపు_ఒంగోలు
నేను అమ్మేవాడినే. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. రైతులు వచ్చి 24 ఉందా 26 ఉందా అని అడుగుతారు, దేనితో 26 అయింది అని ఎవరూ అడగరు. వే ప్రోటీన్ (విరిగిన పాల తేటలోది), స్కిమ్ మిల్క్ పౌడర్ (వెన్న తీసిన పాలపొడి)తో వచ్చే 22 ఒకటి, సోయా పిండి కలిపి తెచ్చిన 26 ఒకటి. రెండోది చౌక, అంకె పెద్దది. అంకె చూసి కొంటారు, దూడ చూపిస్తుంది ఫలితం. పారుడు అన్నారు కాబట్టి నాకు ఆ అనుమానమే వచ్చింది.

మండపేట_ముర్రా
చూశారా. పాలు పట్టండిరా బాబూ అంటే సోయా, వే అని పెద్ద పెద్ద మాటలు.

లెక్కల_మాస్టారు
ముర్రా అన్నా, మీరు చెప్పింది తీసిపారేసేది కాదు, లెక్క వేసి చూశాను. డాక్టర్ గారు అన్నట్టు పాలంత చిక్కగా కావాలంటే లీటరుకు 125 గ్రాముల పొడి పడాలి. కిలో 295 అయితే లీటరు ఖర్చు 37 రూపాయలు. పలమనేరు తమ్ముడికి కేంద్రంలో ఆవు పాలకు ఎంతిస్తున్నారు?

పలమనేరు_పాడి
36, ఒక్కోసారి 37.

లెక్కల_మాస్టారు
ఇంకేం మరి. సరిగ్గా కలిపితే ఆవు పాల కంటే పొడి చౌక కాదు. చౌకగా ఉందని మనకు ఎందుకు అనిపిస్తుందంటే పలచగా కలుపుతున్నాం కాబట్టి. దూడ తినాల్సింది మనం మిగుల్చుకుంటున్నాం. గేదె పాలు లీటరు 60, 70 పలికే చోట మాత్రం పొడికి అర్థం ఉంది.

పాడి_అక్క_తెనాలి
గేదెల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా దగ్గర గేదెలు దూడ లేకపోతే చేపవు. దూడ చచ్చిపోతే ఆ ఈత పాలు పోయినట్టే, ఇంజెక్షన్లు పొడిచి పిండేవాళ్లను చూశాను, నాకు అది నచ్చదు, అది నేరం కూడా. అందుకని మేం ఒక చన్ను దూడకే వదిలేస్తాం. కానీ దూడకి ఎన్ని పాలు అందుతున్నాయో ఎవరూ కొలవరు. ఒకసారి పట్టుబట్టి దూడను తాగకముందు, తాగాక కాటా మీద నిలబెట్టి తూచాం, పూటకి ముప్పావు కిలో కూడా లేదు. నేను గిన్నెలు గిన్నెలు తాగుతోంది అనుకున్నా. ఆ రోజు నుంచి పైన పొడి కలిపి పడుతున్నాం. మగ దూడలకు కూడా. దున్న దూడ కదా అని ఆకలితో చంపేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు, చూడలేక అడిగితే తిట్టారు.

మండపేట_ముర్రా
అక్కా దూడను తూచిన ఆలోచన బాగుంది. అది నేను ఎప్పుడూ చేయలేదు. రేపు చేస్తాను.

పశువైద్యం_కడప
అక్క చెప్పిన పద్ధతి చాలా మంచిది. గేదె దూడలకు ఒక మాట. గేదె పాలలో కొవ్వు ఎంత ఎక్కువంటే నీళ్లు తీసేస్తే ఘనపదార్థంలో 40 శాతం దాకా అదే ఉంటుంది, ప్రోటీన్ 24, 25 శాతం. కాబట్టి గేదె దూడకు శక్తి లోటు తక్కువ, అసలు పాలు అందకపోవడమే సమస్య. ఇంకొకటి, గేదె దూడలకు తల్లి పాల నుంచే ఏలికపాములు వస్తాయి. 10వ రోజు నుంచి 14వ రోజు లోపు మొదటి నట్టల మందు పడకపోతే ఎంత ప్రోటీన్ పోసినా పాములకే.

పలమనేరు_పాడి
కొట్టం నుంచి వచ్చాను. రెండు విషయాలు. బస్తా మీద వే పౌడర్, సోయా ప్రోటీన్, గోధుమ గ్లూటెన్, వెజిటబుల్ ఫ్యాట్, విటమిన్లు అని ఉంది. ఫైబర్ 1 శాతం. రెండోది, ఇంట్లో వంటింటి కాటా తీసుకెళ్లి కప్పు తూచాను. 100 కాదు, 84 గ్రాములు. పాత పొడికి ఇచ్చిన కప్పు కూడా ఇంట్లో పడి ఉంది, అది తూస్తే 97. అంటే నేను ఇన్నాళ్లు రోజుకు 336 గ్రాములే వేశాను. రాత్రి నిద్ర పట్టేలా లేదు.

కొత్త_గోపాలమిత్ర
బాధపడకు అన్నా. కప్పు ఎవరూ తూచరు. నేను తిరిగే ఊళ్లలో ఒక్కరి దగ్గరా కాటా చూడలేదు.

లెక్కల_మాస్టారు
336లో 26 శాతం అంటే 87 గ్రాములు. పాత పొడి 388లో 20 శాతం అంటే 78. ప్రోటీన్ 9 గ్రాములు పెరిగింది, మొత్తం పొడి 52 గ్రాములు తగ్గింది. టేపు ఎందుకు కదల్లేదో అర్థమైంది. డబ్బు మాత్రం రోజుకు 89 నుంచి 99 అయింది.

పశువైద్యం_కడప
ఫైబర్ 1 శాతం అంటే అందులో మొక్కల ప్రోటీన్ బాగానే ఉంది. పాల నుంచి వచ్చిన పదార్థాలతోనే చేసిన పొడిలో ఫైబర్ దాదాపు ఉండదు, 0.2 దాటితే మొక్కల సరుకు కలిసిందని అనుకోవచ్చు. మూడు వారాల లోపు దూడ పేగుకు అలాంటి ప్రోటీన్ అరిగించుకునే శక్తి ఇంకా రాదు. సరిగ్గా శుద్ధి చేయని సోయాలో ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి, పేగు గోడకు పడని ప్రోటీన్లు కూడా ఉంటాయి. బస్తా మీద రాసిన 26 శాతంలో ఒంటికి పట్టేది అంతకంటే తక్కువ. బాగా శుద్ధి చేసిన సోయా కాన్సంట్రేట్ దీనికంటే నయం, మూడు నాలుగు వారాలు దాటిన దూడకు పర్వాలేదు.

పారుడుకు మాత్రం ప్రోటీన్ శాతాన్ని తప్పు పట్టకండి. మొదటి మూడు వారాల్లో పారుడు ఎక్కువగా ఇన్‌ఫెక్షన్ల వల్లే, రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. మూడు వారాలు దాటాక రక్తం, జిగురు కనిపిస్తే కాక్సీడియా, అదీ పేగులో చేరే పరాన్నజీవే. పలచటి తిండితో బక్కచిక్కిన దూడ దాన్ని తట్టుకోలేక కూలబడుతుంది. ఆ నాలుగు రోజులు పాలు ఆపేశారా?

పలమనేరు_పాడి
ఆపేశాం సార్. పాలు పడితే ఇంకా పారుతుంది అన్నారు ఊళ్లో. గంజి, ఓఆర్‌ఎస్ ఇచ్చాం.

పశువైద్యం_కడప
ఇది చాలా ఇళ్లలో జరిగే తప్పు. పారుతున్న దూడకు పాలు ఆపకండి. నీళ్లూ లవణాలూ పోతున్నాయి కాబట్టి ఎలక్ట్రోలైట్ ఇవ్వాలి, కానీ అది పాలకు బదులు కాదు, పాలకు అదనం. పాలు పట్టిన రెండు మూడు గంటల తర్వాత విడిగా ఇవ్వండి. తాగలేక, లేవలేక ఉంటే వెంటనే డాక్టర్‌ను పిలవండి, సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు. గంజిలో పిండిపదార్థమే, పసిదూడకు దాన్ని అరిగించే ఎంజైమ్ చాలా తక్కువ.

విస్కాన్సిన్_దూడలకొట్టం
మాది నంద్యాల వైపు, ఇక్కడ విస్కాన్సిన్‌లో ఒక డెయిరీలో దూడల పని చూస్తున్నాను. మేం వాడేది 28 ప్రోటీన్, 20 ఫ్యాట్. కానీ దాన్ని లీటరుకు 145 గ్రాముల చొప్పున, రెండో వారం నుంచి రోజుకు 7, 8 లీటర్లు పడతాం. అంటే కిలోకి పైనే పొడి. దూడలు రోజుకు 800 గ్రాములు పెరుగుతాయి. కానీ ఇవి పుట్టినప్పుడే 40 కిలోలుండే హోల్‌స్టీన్లు, చలికాలం మైనస్ 20, వాటి ఒంట్లో వేడికే చాలా పోతుంది. ఇక్కడి 28 చూసి అక్కడ 4 లీటర్లకు వాడితే లాభం లేదని డాక్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ కూడా 20:20 వాడేవాళ్లు ఉన్నారు, వాళ్లు రోజుకు అర కిలో లోపే ఇస్తారు.

ఒక సంగతి చెప్పాలి. 2012లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు వెయ్యికి పైగా పెయ్యల రికార్డులు చూసి, పాలు మాన్పించక ముందు రోజువారీ ఎదుగుదల ఒక కిలో ఎక్కువ ఉంటే మొదటి ఈతలో 850 కిలోల పాలు ఎక్కువ ఇచ్చాయని తేల్చారు. మా యజమాని ఆ ఒక్క అంకె చూసి దూడల తిండి మార్చాడు.

లెక్కల_మాస్టారు
అంటే రోజుకు 300 గ్రాములు ఎక్కువ పెరిగితే మొదటి ఈతలో 255 కిలోలు. 36 చొప్పున 9,000 పైన. అదనంగా 400 గ్రాముల పొడి 50 రోజులు పడితే 20 కిలోలు, 5,900. గిట్టుబాటే.

పశువైద్యం_కడప
మాస్టారూ ఆ గుణింతం అలా నేరుగా వేయకండి. అవి ఈతకు 10,000 కిలోలిచ్చే మందలు, మన క్రాస్ ఆవులు అందులో మూడో వంతు ఇస్తే గొప్ప. ఎదుగుదలకూ పాలకూ సంబంధం ఉంది, కానీ పెయ్య పెద్దయ్యాక మేత ఎలా ఉందో, వేసవి ఎలా గడిచిందో అన్నీ కలిసి తేలుస్తాయి. మన దగ్గర కచ్చితంగా కనిపించే లాభం వేరే ఉంది. బాగా ఎదిగిన పెయ్య 15, 16 నెలలకు ఎదకొచ్చి కడుతుంది, 25, 26 నెలలకు ఈనుతుంది. ఆకలితో పెరిగింది మూడేళ్లు దాటినా ఈనదు. ఆ పది నెలల మేత, దాణా ఖర్చు వేసుకోండి, మీ 5,900 చిన్నదైపోతుంది.

సిద్దిపేట_కొత్తడెయిరీ
డాక్టర్ సాబ్, షాపులో మనుషులు వాడే స్కిమ్ మిల్క్ పౌడర్ కలిపి పెట్టొచ్చా? ప్రోటీన్ 35 శాతం ఉంటది కదా, గింత ఆలోచన ఎందుకు.

పశువైద్యం_కడప
ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు 1 శాతం. అంటే శక్తి లేదు. కొవ్వులో కరిగే ఏ, డీ, ఈ విటమిన్లు వెన్నతో పాటు వెళ్లిపోయాయి. ఒంటరిగా అదే పడితే దూడ మళ్లీ అదే చోట ఆగుతుంది. ఉన్న ఆవు పాలను కాస్త చిక్కబరచడానికి లీటరుకు 20, 30 గ్రాములు కలిపితే తప్పు లేదు.

రిటైర్డ్_పశుసంవర్ధక
మా సర్వీసు తొలిరోజుల్లో గోధుమ పిండి, చేపల పొడి, అవిసె చెక్క, కొబ్బరి నూనె, బెల్లపు మడ్డి, కొంచెం పాలు కలిపి ఇంట్లోనే దూడల పొడి చేసుకోమని రైతులకు చెప్పేవాళ్లం. ప్రోటీన్ అంకె అందులోనూ బాగానే వచ్చేది. కానీ పది రోజుల దూడకు పోస్తే పారేది. నెల దాటిన దానికి ఫర్వాలేదు. డాక్టర్ గారు ఫైబర్ గురించి చెప్పినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఒకే తూకం ప్రోటీన్, పాలదయితే ఒకలా, అవిసె చెక్కదయితే మరోలా ఉంటుంది.

మండపేట_ముర్రా
పొదుగు వాపు వచ్చిన పాలు మేం పారబోయకుండా దూడలకే పడతాం. ఖర్చు లేని ప్రోటీన్. దానికేమంటారు?

పశువైద్యం_కడప
వద్దు. అందులో సూక్ష్మజీవులుంటాయి, మందు వేసిన పాలయితే ఆ మందు కొద్దికొద్దిగా దూడ కడుపులోకి వెళ్లి, రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచేయదు. మిగిలిన ముర్రుపాలు పట్టండి, రెండో రోజు మూడో రోజు పాలు పట్టండి, అంతకంటే మంచి ప్రోటీన్ ఏ బస్తాలోనూ రాదు. జున్ను వండుకునే ముందు దూడ కడుపు నిండిందా అని చూడండి. పుట్టిన రెండు గంటల్లో దాని బరువులో పదో వంతు ముర్రుపాలు లోపలికి వెళ్లాలి. అది తప్పితే ఈ చర్చంతా వృథా.

పాడి_అక్క_తెనాలి
జున్ను కోసం ఇంటికి వచ్చే చుట్టాలకు ఈ పోస్టు పంపిస్తాను. మా ఆడపడుచు గిన్నె పట్టుకుని కాన్పు కంటే ముందే వచ్చి కూర్చుంటుంది.

కొత్త_గోపాలమిత్ర
అక్కా 😂 మా ఇంట్లోనూ అంతే.

విస్కాన్సిన్_దూడలకొట్టం
పలమనేరు అన్నా, పొడి పెంచేటప్పుడు ఒకేసారి పెంచొద్దు. వారం పట్టాలి. లీటరుకు 150 గ్రాముల దాకా చిక్కగా కలపొచ్చు, అంతకు మించితే కడుపులో ఇబ్బంది. నీళ్లు 45 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కలిపితే కొవ్వు బాగా కలుస్తుంది, దూడ నోటికి వెళ్లేటప్పటికి 39, 40 ఉండాలి, దాని ఒంటి వేడంత. గోరువెచ్చని నీళ్లలో కలిపితే పొడి ఉండలు కట్టి అడుగున దిగబడుతుంది, అది కూడా దూడకు అందదు. తాగే నీళ్లు మొదటి వారం నుంచీ బకెట్‌లో విడిగా ఉండాలి. పాలు నాలుగో పొట్టలోకి వెళ్తాయి, దాణా పులిసే పెద్ద పొట్టకు విడిగా తాగిన నీళ్లే కావాలి. నీళ్లు లేకపోతే దాణా తినదు.

మండపేట_ముర్రా
ఇక్కడ నాకొక సందేహం. పాలు ఎక్కువ పడితే దూడ దాణా ముట్టదు. మా నాన్న అందుకే ఆకలి ఉంచాలి అనేవాడు. ఆయన పెంచిన పడ్డలు మండలంలో పేరున్నవి.

విస్కాన్సిన్_దూడలకొట్టం
పెద్దాయన మాటలో నిజముంది, ఇక్కడ మేం పడే ఇబ్బంది అదే. 8 లీటర్లు తాగే దూడ ఆరో వారం దాకా దాణా పెద్దగా తినదు. పాలు ఒక్కసారి మాన్పిస్తే నెల రోజులు కష్టపడి పెంచిన బరువు పది రోజుల్లో కరిగిపోతుంది. అందుకని రెండు వారాల పాటు మెల్లగా తగ్గిస్తాం, రోజుకు కిలో దాణా వరసగా మూడు రోజులు తిన్నాకే పూర్తిగా ఆపుతాం.

పశువైద్యం_కడప
మన వాతావరణానికి అంత దూరం పోనక్కర్లేదు. హెచ్‌ఎఫ్ క్రాస్ దూడకు రోజుకు 5 నుంచి 6 లీటర్లు, లీటరుకు 125 గ్రాములు, అంటే 625 నుంచి 750 గ్రాములు. ఆ స్థాయిలో పాల ఆధారిత ప్రోటీన్ 22 నుంచి 24 శాతం ఉన్న పొడి చాలు. దాణాలో కూడా 20 శాతం పైగా ప్రోటీన్ ఉండాలి, పెద్ద ఆవులకు పెట్టేది దూడకు పెట్టకండి. మూడో వారం కాదు, మొదటి వారం నుంచే గుప్పెడు తాజాగా పెట్టి, మిగిలింది మర్నాడు తీసేయండి.

పలమనేరు_పాడి
ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. మూడు వారాలు ఆవు పాలే పడతాం, 5 లీటర్లు. మాస్టారు లెక్క చూశాక మా ఆవిడే అంది, ఒకే ధర అయినప్పుడు పసిదానికి సోయా నీళ్లెందుకు అని. మూడు వారాల తర్వాత కాటాతో తూచి 22 శాతం, ఫైబర్ లేని పొడి. ఒంగోలు అన్నా, మీరు చెప్పినట్టు షాపులో దేనితో చేశారు అని అడిగాను, ఆయన బస్తా తిప్పి చదివి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

దాణా_షాపు_ఒంగోలు
అడగాలి. పదిమంది అడిగితే మేం కూడా తెప్పిస్తాం. సోయా బస్తా తీసేయకు, నెలన్నర దాటిన వాటికి దాణాలో కలిపి అవగొట్టు.

సిద్దిపేట_కొత్తడెయిరీ
నేను కూడా కాటా కొన్న. మా కప్పు 91 గ్రాములు.

పాడి_అక్క_తెనాలి
మాది 88. అందరి కప్పులూ తక్కువే ఉన్నాయేంటి.

పశువైద్యం_కడప
ఒక్కో పొడి ఒక్కో సాంద్రత. ఒకే కప్పులో ఒకటి తక్కువ తూగుతుంది, ఒకటి ఎక్కువ. గట్టిగా నొక్కినా, వానాకాలం తేమకు ఉండకట్టినా మారుతుంది. అందుకే తూకం.

పలమనేరు_పాడి
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆ చర్చ తర్వాత రెండు ఆవులు ఈనాయి, రెండూ పెయ్యలే. పాల కేంద్రం కాటా మీద నిలబెట్టి తూచాను. మొదటిది పుట్టినప్పుడు 31 కిలోలు, ఇవాళ 43వ రోజు, 52 కిలోలు. రోజుకు 490 గ్రాములు పడింది. రెండోది 29తో పుట్టింది, 38 రోజులకు 45. మధ్యలో పారింది, ఈసారి పాలు ఆపలేదు, రెండో రోజుకు లేచి బకెట్ తోసేసింది. పాత నాలుగింటిలో మూడు దాణా పెంచాక కోలుకున్నాయి. అప్పట్లో పారుడు పట్టిన ఆ ఒక్కటి మాత్రం వయసులో నాలుగు వారాలు పెద్దదయి కూడా ఈ కొత్త పెయ్య పక్కన నిలబడితే భుజం దగ్గరకే వస్తోంది. దాని మొహం చూడలేకపోతున్నాను. అది ఎప్పటికైనా అందుకుంటుందా డాక్టర్ గారూ?

పశువైద్యం_కడప
కొత్తవాటి ఎదుగుదల బాగుంది. ఆ ఒక్కదాని విషయంలో ఉన్నమాట చెబుతాను. బరువు కొంతవరకు అందుకుంటుంది. ఎముక ఎత్తు వేగంగా పెరిగేది ఈ మొదటి నెలల్లోనే, అందులో పోయినదంతా తిరిగి రాదు. కానీ ఇప్పుడే రెండు నెలల పైన వయసు, వదిలేయాల్సిన దూడ కాదు. మంచి ప్రోటీన్ ఉన్న దాణా కిలోన్నర దాకా తీసుకెళ్లండి, మెత్తటి గడ్డి పెట్టండి, పేడ ఒకసారి పరీక్ష చేయించండి, కాక్సీడియా మిగిలి ఉంటే ఎంత తిన్నా పట్టదు. బరువుతో పాటు తుంటి దగ్గర ఎత్తు కూడా నెలకోసారి రాసిపెట్టండి.

పలమనేరు_పాడి
రేపు పొద్దున్నే పేడ తీసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్తాను. ఎత్తు ఇప్పుడే కొలిచాను, 29 అంగుళాలు. నోట్‌బుక్‌లో రాశాను.

పాడి_అక్క_తెనాలి
వచ్చే నెల కొలిచి ఇక్కడే పెట్టు తమ్ముడూ. నేను కూడా మా దున్న దూడ బరువు పెడతాను, ఇవాళ 61.